మధ్యాహ్నం రెండింటికి నూట ఆరు డిగ్రీలు

మూడోసారి కూడా అదే ఫిర్యాదుతో ఫోన్ వచ్చేసరికి మెకానిక్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఈ ఇంట్లో చెడిపోయింది కంప్యూటర్ కాదు, మనిషెవరో.

ఫోన్ చేసింది బొమ్మలావిడ. ఇంకా పునాది కూడా పడని ఇళ్ళకు లోపలి బొమ్మలు తయారుచేయడం ఆవిడ పని. గోడ రంగు, సోఫా కింద నీడ, కిటికీలోంచి నేల మీద పడే ఎండ, అన్నీ కళ్ళకు కట్టినట్టు కంప్యూటర్లో గీసి చూపిస్తుంది. పడకగదికి ఆనుకుని ఉన్న చిన్న గదే ఆవిడ ఆఫీసు. అలాంటి పనిలో భారమంతా మోసేది కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డు. నెలన్నర క్రితం దాన్ని మెకానిక్కే తన షాపులో విప్పి, దుమ్ము దులిపి, లోపల అరిగిపోయిన ప్యాడ్లు మార్చి ఇచ్చాడు. వారం తిరక్కుండానే ఫ్యాన్లు గోల మొదలుపెట్టాయి.

మొదటిసారి వెళ్ళినప్పుడు బల్ల కింద గూట్లో ఇరుక్కున్న కంప్యూటర్ కేబినెట్‌ను బయటికి లాగి గాలి ఆడే చోట పెట్టాడు. రెండోసారి ఫ్యాన్లే మార్చేశాడు. అతను ఎదురుగా కూర్చున్నంతసేపూ కంప్యూటర్ బుద్ధిగా ఉండేది. గుమ్మం దాటిన గంటకు మళ్ళీ ఫోన్.

మూడోసారి ఏదీ విప్పలేదు. నిమిషానికోసారి కార్డు వేడిని రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి చడీచప్పుడు లేకుండా ఎక్కించాడు.

"నాలుగు రోజులు ఈ సంగతి ఎవరికీ చెప్పకండమ్మా. మీవారికి కూడా" అన్నాడు.

"మా ఆయనకెందుకు చెప్పకూడదు?"

"చెప్పకండి. అంతే."

బొమ్మలావిడ తల ఊపింది. కానీ ఆ నాలుగు రోజులూ భర్త అన్నం తింటున్నా, మరిది టీవీ చూస్తున్నా, వాళ్ళ చేతుల వంకే చూసింది.

ఇప్పుడు ఆ నాలుగు రోజులూ గడిచాయి. ఉదయం పదకొండు. మెకానిక్ గది తలుపు దగ్గరికి వేసి తెర మీద గీతలు చూపించాడు.

"ఇది తొమ్మిది నుంచి పన్నెండున్నర. మీరు పని చేసుకునే టైము. వేడి ఉంది, సహజమే. పన్నెండున్నరకు దిగిపోయింది. ఇక ఇది చూడండి. రెండు కొట్టగానే మళ్ళీ లేచింది. నాలుగు దాకా దిగలేదు. నాలుగు రోజులూ ఇదే వరస."

"రెండింటికి నేను ఇంట్లోనే ఉండను. పాపను బడి నుంచి తెచ్చి, ఈతకు తీసుకెళ్ళి, నాలుగున్నరకు వస్తాను."

"అందుకే రెండింటికి మొదలవుతోంది" అన్నాడు మెకానిక్.

ఆవిడ మొహంలో రంగు మారింది. "కుర్చీ" అంది మెల్లిగా. "రోజూ వచ్చి కూర్చునేసరికి కుర్చీ ఎత్తు మారి ఉంటోంది. నేనే మర్చిపోతున్నానేమో అనుకున్నాను."

మెకానిక్ తల ఊపాడు. అనుమానం నిజమైన ప్రతిసారీ అతనికి లోపల చిన్న సంబరం. షాపులో భార్య అతన్ని గూఢచారి అని ఊరికే ఏడిపించదు.

"ఈ కార్డుకు రెండు వేడి అంకెలుంటాయి. ఒకటి నడిమి చిప్పుది, అరవై ఆరు. అది మంచిదే. రెండోది చుట్టూ ఉన్న మెమరీ చిప్పులది. ఎంతుందో చదవండి."

"నూట ఆరు."

"నడుమ చల్లగా ఉండి చుట్టూ కాగిపోవడం నేను ఒక్క పనిలోనే చూశాను. మైనింగ్. కంప్యూటర్ చేత రాత్రీపగలూ లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదిస్తారు చూడండి, అది. కార్డు మీది, కరెంటు మీది, లాభం ఇంకొకరిది. మీరు లేనప్పుడు ఇంట్లో ఎవరుంటారు?"

ఆవిడ తలుపు వైపు చూసింది. తలుపు సందులో ఒక నీడ కదిలింది.

ఆ నీడ మరిదిది. ముప్ఫై ఏళ్ళు నిండినా ఇంట్లో అందరికీ చిన్నోడే. మంచినీళ్ళ గ్లాసుతో లోపలికి వచ్చాడు. ఎవరూ అడగలేదు. గ్లాసు మెకానిక్ చేతికిస్తూ తెర వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. మెకానిక్‌కు రెండోసారి వచ్చినప్పటి సంగతి గుర్తొచ్చింది. కేబినెట్ మూత బిగిస్తుంటే ఇతనే పక్కన నిలబడి, "ఎవరు ఎప్పుడు వాడారో ఇందులో తెలిసిపోతుందా అన్నా?" అని ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"చిన్నోడా, మధ్యాహ్నాలు ఈ గదిలోకి వస్తావా?" బొమ్మలావిడ అడిగింది.

"నేనా? లేదు వదినా."

"ఎప్పుడూ?"

"నాకిక్కడేం పని? నాకు ఆన్ చేయడమే సరిగ్గా రాదు."

అబద్ధం మరీ నున్నగా వచ్చింది. మెకానిక్ నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

పన్నెండున్నరకు ఇంటాయన వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. మామూలుగా అయిదింటికి గాని రాడు. ఆవేళ ఒక్కపూట డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా పైబొత్తాలు విప్పుకుంటూ హాల్లో అడుగుపెట్టేసరికి భార్య, తమ్ముడు, మెకానిక్ ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"ఏంటి, ఎవరికేమైంది?"

బొమ్మలావిడ చెప్పింది. మెకానిక్ నాలుగు రోజుల గీతలూ మళ్ళీ చూపించాడు. డ్రైవర్ అంతా విన్నాడు. సగం అర్థం కాలేదు. కానీ రెండు నుంచి నాలుగు అన్నది అర్థమైంది, తమ్ముడి చెవులు ఎర్రబడడం కనిపించింది.

"ఇటు చూడు. రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆ గదిలో ఏం చేస్తున్నావ్?"

"ఏం చేయట్లేదన్నయ్యా."

"గదిలోకి వెళ్తున్నావా, లేదా? అది చెప్పు."

చిన్నోడు మెకానిక్ వంక చూశాడు. అంతా తెలిసిపోయిందన్న చూపు. "వెళ్తున్నా" అన్నాడు. "కానీ అదేదో ఆయన చెప్పేది కాదు."

"మరేంటి?"

చిన్నోడు నేల చూపులు చూశాడు.

డ్రైవర్ అరవలేదు. అరిస్తే బాగుండేదని మెకానిక్‌కు అనిపించింది. "మంచినీళ్ళ మిషన్ల ఏజెన్సీ అన్నావ్. ఆఫీసే లేదు. ఫోన్ కవర్ల కొట్టు అన్నావ్. మూసేసిన రెండు నెలలకు మాకు తెలిసింది. అప్పుడే చెప్పాను, ఇంకొక్క అబద్ధం దొరికితే ఈ ఇంట్లో ఉండవని. చెప్పానా, లేదా?"

"చెప్పావు."

"వ్యాన్ ఓనరు కాళ్ళావేళ్ళా పడ్డాను. సోమవారం నుంచి నిన్ను బడిపిల్లల వ్యాను ఎక్కిస్తానన్నాడు. మా తమ్ముడికి నాది పూచీ అన్నాను. వదిన వస్తువు దొంగచాటుగా వాడుకునే వాడికి ముప్ఫైమంది పిల్లల్ని ఎలా అప్పజెప్పమంటావ్? నేను ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్తాను. ఐదున్నర బస్సుకు మామయ్య దగ్గరికి వెళ్ళిపో. గోడౌన్‌లో మూటలు మోసుకుందువుగాని."

"వదినా..." అన్నాడు చిన్నోడు.

బొమ్మలావిడ కళ్ళు దించుకుంది. ఆవిడ పనంతా ఆ కార్డు మీదే నడుస్తోంది. "ఏం చేస్తున్నావో చెప్తే నేనే మీ అన్నయ్యను ఆపుతాను కదా. చెప్పు."

అతను లోపలికి వెళ్ళి బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మెకానిక్ కార్డు ఊడదీసి సంచిలో పెట్టుకున్నాడు. మైనింగ్ దెబ్బకు ఎంత పాడైందో షాపులో చూసి చెప్తానన్నాడు. మెట్లు దిగుతుంటే ఎవరో జిప్పు గట్టిగా లాగిన చప్పుడు వినిపించింది.

షాపు నాలుగు వీధుల అవతల, తాళాలు చేసేవాడికీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుకు గది. లోపల బల్ల దగ్గర మెకానిక్ భార్య భూతద్దపు దీపం కింద చిన్న స్క్రూలు ఏరుతోంది. పదిహేనేళ్ళు జాకెట్లు కుట్టిన చెయ్యి ఆవిడది, వణకదు. ఎనిమిది నెలల నుంచి ప్యాడ్లు కత్తిరించడం, అతికించడం ఆవిడ పనే. చివర్లో మూత బిగించడం మాత్రం అతని పని.

"దొరికాడా నీ దొంగ?"

"దొరికాడు. మరిది. సాయంత్రానికి ఇల్లు ఖాళీ."

అతను సంగతంతా రుచిగా చెప్పుకొచ్చాడు. ఫోన్లో దింపుకున్న గీతలు ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ కొలతలు చూసినట్టు వేలు పెట్టి ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చింది.

"పొద్దున తొమ్మిదిన్నరకు ఎంతుంది ఇది?"

"అది ఆవిడ పని టైము."

"ఎంతుందని అడిగా."

"నూట అయిదు. నూట ఆరు."

"మధ్యాహ్నం కూడా నూట ఆరే. అయితే ఆవిడ కూడా దొంగేనా?"

మెకానిక్ నవ్వబోయి ఆగాడు. పొద్దున తను ఆ గీతను చూశాడు. 'సహజమే' అని చేత్తో పక్కకు తోసేశాడు. బొమ్మల పనికి మెమరీ వేడెక్కుతుంది, నిజమే. కానీ ఎనభై, మహా అయితే ఎనభై అయిదు. నూట ఆరు సహజం కాదు. ఎవరు కూర్చున్నా నూట ఆరే వస్తోందంటే తేడా కూర్చున్న మనిషిలో లేదు.

"రోజూ వాడివాడి కార్డును గుల్ల చేసేశాడేమో" అన్నాడు. తన మాట మీద తనకే నమ్మకం చాల్లేదు.

"విప్పి చూడు. నోటితో ఎందుకు."

విప్పాడు. నాలుగు పెద్ద స్క్రూలు, ఏడు చిన్నవి. పైనున్న వేడి లాగే లోహపు దిమ్మె ఊడి చేతికి వచ్చింది. కింద నడిమి చిప్పు మీద బూడిదరంగు పేస్టు చక్కగా పరుచుకుని ఉంది. దాని చుట్టూ ఎనిమిది మెమరీ చిప్పులు, ఒక్కోదాని మీద రబ్బరులా మెత్తటి చదరపు ప్యాడు. చిప్పులోని వేడి ఆ ప్యాడు గుండా దిమ్మెలోకి పోవాలి. ప్యాడ్లు కొత్తవి, అంచులు కుట్టుపనిలా తీరుగా ఉన్నాయి. తప్పేమీ కనిపించలేదు.

దీపం కిందికి వంచితే ప్యాడు మెరిసింది.

ప్యాడు మెరవకూడదు. గోరుతో ఒక మూల గీకాడు. సన్నటి పారదర్శకపు పొర ఒకటి లేచి గోరుకు అంటుకుంది. రెండోదాని మీద గీకాడు. అక్కడా ఉంది. ఎనిమిదింటి మీదా ఉంది.

"ఇదేంటి?" అన్నాడు.

"కింది నీలం కాగితం తీస్తేగాని అంటుకోదని తీశాను. పైపొర తీయలేదు."

"ఎందుకు తీయలేదు?"

ఆవిడ తల ఎత్తి అతని వంక చూసింది. "నువ్వే కదా చెప్పావ్. కొత్త సరుకు మీద ఏ పొరా తీయొద్దు, కస్టమరే తీసుకోవాలి అని."

చెప్పాడు. ఒకప్పుడు ఒక కస్టమరు, కొత్తదని చెప్పి పాత తెర అంటగట్టావని వీధిలో నిలబెట్టి పరువు తీశాడు. ఆ రోజు నుంచి మెకానిక్ ఏ కొత్త వస్తువు మీదా పొర తీయలేదు, ఎవర్నీ తీయనివ్వలేదు. తెర, కేబినెట్ అద్దం, కీబోర్డు, ఏదైనా సరే. కస్టమరు తన చేత్తో పొర లాగి, కొత్తదేనని నమ్మి వెళ్ళాలి. లోకం మీది అనుమానంతో పెట్టిన రూలు అది. ఈవిడ బల్ల దగ్గరికి వచ్చిన మొదటి రోజే గట్టిగా చెప్పాడు. ప్యాడ్ల సంగతి వేరని మాత్రం చెప్పలేదు. దానికీ పొర ఉంటుందని తన చేతికి తెలుసు, నోటికి రాలేదు.

"మూత వేసే ముందు చూడాలి కదా" అన్నాడు.

"మూత వేసింది నువ్వే."

గోడ గడియారంలో నాలుగుంపావు. మెకానిక్ వరసగా ఎనిమిది పొరలూ లాగేశాడు. చేతులు పని చేస్తుంటే బుర్ర ఇంకో దారి వెతికింది. కార్డు తీసుకెళ్ళి పెట్టేస్తే చాలు. శుభ్రం చేశానని చెప్తే చాలు. వేడి దిగుతుంది, చిన్నోడు ఉండడు. మైనింగ్ ఆగింది, వేడి తగ్గింది అని వాళ్ళే అనుకుంటారు. తన మాటే నెగ్గుతుంది. ఎవరికీ అనుమానం రాదు.

భార్య స్క్రూలు అందిస్తూ అతని మొహాన్నే చూస్తోంది. "ఏం లెక్కేస్తున్నావ్?"

"ఏం లేదు."

"వాడూ ఇలాగే 'ఏం చేయట్లేదు' అన్నాడేమో" అంది.

మెకానిక్ ఆఖరి స్క్రూ బిగించాడు. స్కూటర్ తీశాడు.

అతను మెట్లెక్కేసరికి అయిదు. గుమ్మం పక్కన బ్యాగు నిలబెట్టి ఉంది. చిన్నోడు దాని పక్కనే స్టూలు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. డ్రైవర్ ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు, వ్యాన్ ఓనరుకు ఇంకా చేయలేదు కాబోలు, తెర మీద అంకెలు వెలుగుతూ ఆరిపోతున్నాయి.

"ఆ ఫోన్ చేయకండి సార్" అన్నాడు మెకానిక్. "తప్పు నాది."

నిలబడే చెప్పాడు. ప్యాడ్లు, పొర, తన రూలు, మూత తనే వేయడం. జేబులోంచి నలిగిన ఎనిమిది పొరలూ తీసి బల్ల మీద పెట్టాడు. గాలికి ఒకటి ఎగిరితే బొమ్మలావిడ అరచెయ్యి వేసి ఆపింది.

"దీనివల్లా?" అంది.

"దీనివల్లే. ఎవరు కూర్చున్నా వేడెక్కేది."

"మరి పొద్దున అంత గట్టిగా చెప్పారు."

"చెప్పాను. చూడాల్సింది చూడకుండా చెప్పాను."

డ్రైవర్ మొహంలో జాలి ఏమీ లేదు. "మీరు పొద్దున ఒకటి చెప్పారు, ఇప్పుడొకటి చెప్తున్నారు. వీడు దారిలో మిమ్మల్ని పట్టుకుని బతిమాలలేదని నేనెలా నమ్మాలి?"

"నమ్మొద్దు. మీ కళ్ళ ముందే పెడతాను."

కార్డు బిగించి కంప్యూటర్ ఆన్ చేశాడు. ఈసారి పొద్దున చేయని పని చేశాడు. రెండింటికి ఏ ప్రోగ్రామ్ నడిచిందో వెతికాడు. అర నిమిషం పట్టలేదు. ఒక ఆట. బండి నడపడం నేర్పే ఆట, క్లచ్చు, గేర్లు, వెనక అద్దాలతో సహా. పొద్దున కూడా ఇంతే సులువుగా దొరికేది. దొంగ ఎవరో ముందే తెలిసిపోయాక ఎవరు వెతుకుతారు?

తల తిప్పితే తలుపు దగ్గర చిన్నోడు. వద్దన్నట్టు కళ్ళతోనే అడిగాడు.

"ఏముంది అందులో?" డ్రైవర్ అడిగాడు.

"మైనింగ్ లేదు. దొంగతనం లేదు."

"మరేముంది?"

"అది వేడికి సంబంధించింది కాదు సార్. ఒకసారి ఈ ఇంటి సంగతిలో నోరు పెట్టి ఏం చేశానో చూశారుగా. ఇక నేను చెప్పను."

డ్రైవర్ తమ్ముడి వైపు తిరిగాడు. అలా చూస్తూ నిలబడ్డాడు. చిన్నోడు వేసుకున్న ఒక్క చెప్పూ విప్పేశాడు.

"లైసెన్సు రాలేదన్నయ్యా."

"ఏంటి?"

"వచ్చిందని చెప్పాను. రాలేదు. మూడుసార్లు టెస్టుకెళ్ళాను, మూడుసార్లూ తప్పాను. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమంటారు చూడు, అక్కడ బండి వెనక్కి జారిపోతుంది. నువ్వేమో ఇరవై ఏళ్ళు బస్సు నడిపినోడివి. నీకెలా చెప్పను? ఈ ఆటలో ప్రాక్టీసు చేస్తున్నా. శనివారం మళ్ళీ టెస్టు ఉంది. ఈసారి కూడా పోతే ఆదివారం చెప్పేద్దామనుకున్నా."

"సోమవారం పిల్లల్ని ఎక్కించుకోవాల్సినోడివి ఆదివారం చెప్తావా?"

"వ్యాను ముట్టుకోను అన్నయ్యా. అంత వెధవని కాదు."

బొమ్మలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో ఆవిడకే తేలలేదు. "కీబోర్డు మీద బండి నేర్చుకుంటున్నావా? ఇంట్లో డ్రైవర్ని పెట్టుకుని?"

డ్రైవర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "కూర్చో. నడుపు. ఈయన చెప్పేది నిజమో కాదో తేలాలిగా. అరగంట నడుపు. అంకె ఎంతకెక్కుతుందో నేను చూస్తాను."

చిన్నోడు వెళ్ళి కూర్చున్నాడు. కుర్చీ కాస్త పైకి లేపుకున్నాడు. బొమ్మలావిడ దాన్ని గమనించింది. తెర మీద ఒక రోడ్డు, ఎత్తు, ఎర్ర దీపం. మూలన మెకానిక్ పెట్టిన అంకె. యాభై ఎనిమిది. అరవై నాలుగు. నలుగురూ ఊపిరి బిగబట్టి ఫ్యాన్ల చప్పుడు కోసం చెవులు రిక్కించారు. డెబ్బై రెండు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నంత చప్పుడు కూడా లేదు. డెబ్బై ఆరు దగ్గర అంకె ఆగింది. డ్రైవర్ ఇంకా నమ్మలేదు. కేబినెట్ మీద చెయ్యి ఆనించి చూశాడు.

"మీ షాపులో ఇలా ఎన్ని కార్డులు బిగించారు?" బొమ్మలావిడ మెకానిక్‌ను అడిగింది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"పదకొండు. మా ఆవిడ ఇప్పటికే ఫోన్లు చేస్తోంది."

"త్వరగా చేయమనండి. ఆ పదకొండు ఇళ్ళల్లో ఎవరు ఎవర్ని అనుమానిస్తున్నారో."

మెకానిక్ సంచి భుజాన వేసుకున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తారన్న నమ్మకం కూడా అతనికి లేదు.

తెర మీద దీపం పచ్చబడింది. బండి ఎత్తు మీంచి వెనక్కి జారి, వెనకున్న లారీకి తగిలి ఆగిపోయింది. అయిదున్నర దాటింది, బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.

డ్రైవర్ నిట్టూర్చి స్టూలు లాక్కుని తమ్ముడి పక్కన కూర్చున్నాడు. "ఇందులో క్లచ్చు ఏది?"

"ఇదన్నయ్యా, ఈ చివర మీట."

"సగం వదులు. మొత్తం వదిలేస్తావేంరా, సగం. ఇంజను బరువు పట్టుకుందా? ఇప్పుడు బ్రేకు తియ్. మెల్లిగా. నీ వెనక లారీ ఉంది."